వంటింటి వైపు నుంచి గీసిన బొమ్మలు

పోయిన మంగళవారం మా మ్యూజియం వెనక గదిలో ఒక పెద్ద చెక్కపెట్టె విప్పారు. స్క్రూలన్నీ ఊడదీసి మూత పక్కకి జరపగానే పచ్చి పైన్ చెక్క వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, డాక్టర్ ట్రాస్క్ నా పక్కనే నిలబడి పనివాళ్ళని అదిలిస్తున్నట్టుంటుంది. “మెల్లగా! అది సామాను కాదు, ఒకరింటి గోడ మీంచి తెచ్చింది” అనేవారు. ఇప్పుడు ఆ మాట అనేదాన్ని నేనే. పనివాళ్ళు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. ఒకప్పుడు నేనూ ఆవిడ వెనక నవ్వుకున్నదాన్నే.

మేముండేది అమెరికా పడమటి తీరంలో, బాతెల్‌లో. మా వీధిలో సగం మంది తెలుగువాళ్ళే, పొద్దున్నే రెడ్‌మండ్ వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళే. ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా “మీరే టీమండీ?” అని అడుగుతారు. మ్యూజియంలో అంటే, “ఓ, వాళ్ళ ఐటీ చూస్తారా?” అంటారు. కాదండీ, క్యూరేటర్‌ని, ఏ బొమ్మ గోడెక్కాలో, దాని పక్కన ఏం రాయాలో చూసే ఉద్యోగం అని చెప్తే ఒక్క క్షణం ఆగి, మాట పిల్లల ఈత క్లాసుల మీదికి పోతుంది. ఏలూరు నుంచి కంప్యూటర్ చదువుకని వచ్చిన పిల్ల ఇందులో ఎలా పడిందని ఎవరైనా నిజంగా అడిగితే, నేను ఓజెల్లా ట్రాస్క్ అనే మనిషి గురించి చెప్పాలి. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అడిగేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం దేనికని రాసేస్తున్నాను.

అప్పుడు నేను వర్జీనియాలో మాస్టర్స్ చేస్తున్నాను. మా యూనివర్సిటీ మ్యూజియంలో పాత ఫొటోలన్నీ డేటాబేస్‌లో ఎక్కించడానికి ఒక విద్యార్థి కావాలంటే వెళ్ళాను. డాక్టర్ ట్రాస్క్‌కి అప్పటికే అరవై దాటాయి. పొడుగ్గా, నిటారుగా ఉండే నల్లజాతి స్త్రీ. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఇస్త్రీ చెడని కోటు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. నా రెజ్యుమె తీసి బల్ల మీద బోర్లించారు. ఒక కుర్చీని ఈడ్చుకెళ్ళి ఒక బొమ్మ ముందు వేసి, “కూర్చో. కాసేపయ్యాక వచ్చి అడుగుతాను. నీకు తెలిసింది చెప్పొద్దు, కనిపించింది చెప్పు” అన్నారు. నాకు తెలిసిందేమైనా ఏడిస్తే కదా చెప్పడానికి! జమైకాలో ఎవరో గీసిన సంత బొమ్మ అది. ఆవిడ తిరిగొచ్చేసరికి, “ఇక్కడ గాడిదని తిడుతున్నావిడకి కోపం గాడిద మీద కాదు, చెప్పు తెగిందని” అన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని వంగి ఆ చెప్పుని చాలాసేపు చూశారు. “సోమవారం నుంచి రా” అన్నారు. డేటాబేస్ గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఆవిడ పని ఏమిటో నాకు ఆవిడతో కలిసి ఊళ్ళు తిరిగేటప్పుడు కారులో అర్థమైంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చినవాళ్ళ బిడ్డలు, మనవలు అమెరికాలో, కరీబియన్ దీవుల్లో, బ్రెజిల్‌లో గీసినవీ చెక్కినవీ కుట్టినవీ ఆవిడ చదువు. కళల చరిత్ర చదువుకునే రోజుల్లో చీకటి గదిలో వందల కొద్దీ స్లైడ్లు చూపించారట. “మావాళ్ళు గీసింది ఒక్కటి లేదు. ప్రొఫెసర్‌ని అడిగాను. ఉంటే చూపించేవాళ్ళం కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది” అని చెప్పారు. అంతే, ఒక పాత కారు కొనుక్కుని, వెనక సీట్లో దుప్పట్లు పరుచుకుని, ఇళ్ళ వెంటా చర్చిల వెంటా మంగలి షాపుల వెంటా తిరిగారు. బొమ్మలు ఉన్నాయి. చూసేవాళ్ళే లేరు. ఉద్యోగమిచ్చిన కొత్తలో మ్యూజియం ఆవిడకి గది ఇవ్వలేదు, బాత్రూముల వైపు వెళ్ళే నడవా ఇచ్చింది. “బాత్రూంకి వెళ్ళిన ప్రతివాళ్ళూ నా ప్రదర్శన చూశారు. ఏ క్యూరేటర్‌కీ అంత జనం రాలేదు” అని పకపకా నవ్వేవారు. నవ్వేవారు గానీ, ఆ నడవా కోపం మటుకు చివరిదాకా పోలేదు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. బొమ్మ పక్కన గోడ మీద అంటించే చిన్న రాతని, అంటే లేబుల్‌ని, అచ్చుకి పంపే ముందు ఆ బొమ్మ ఇచ్చిన ఇంటికి వెళ్ళి గట్టిగా చదివి వినిపించేవారు. వాళ్ళు సరే అంటేనే అచ్చు. ఒకసారి ఒక ముసలాయన ఇంట్లో, ఆయన తండ్రి చెక్కిన బొమ్మ గురించి “ఒక సాధారణ కూలీ” అని చదివారు. “కూలీ కాదమ్మా, తాపీమేస్త్రి. ఈ ఊళ్ళో బ్యాంకు కట్టింది మా నాన్న” అన్నాడాయన. ఆవిడ అక్కడికక్కడే కొట్టేసి రాశారు. తిరిగొస్తుంటే, ఇదంతా ఈమెయిల్లో అడగొచ్చు కదా అన్నాను. “ఈమెయిల్లో మనుషులు మర్యాదగా ఉంటారు. సొంత బల్ల దగ్గర కూర్చుంటే నిజం చెప్తారు” అన్నారు. ఇంటివాళ్ళు ఒప్పుకోని మాట ఆవిడ గోడల మీద ఎన్నడూ లేదు.

రిటైరయ్యే ముందు ఆవిడ ఒక పెద్ద ప్రదర్శన తలపెట్టారు. ఏమోస్ టాలీ బొమ్మలన్నీ ఒకేచోట. టాలీ అనే ఆయన వర్జీనియాలోనే ఒక చిన్న ఊళ్ళో మంగలి. ఆయన షాపులో అద్దాల మధ్య వేలాడుతున్న బొమ్మలు చూసి, కుర్రతనంలో ఆవిడ రాసిన పుస్తకమే ఆవిడకి పేరు తెచ్చింది. కళాశాలల్లో పాఠం అయింది. అలాంటి బొమ్మలు నడవాల్లోంచి పెద్ద గదుల్లోకి వెళ్ళింది ఆ పుస్తకంతోనే. టాలీ గారు ఎప్పుడో పోయారు. బొమ్మలన్నీ ఆయన కూతురు మిస్ రూబీ దగ్గర ఉన్నాయి. ఒక్కదాని మీదా సంతకం లేదు. అన్నీ ఆడవాళ్ళ పనులే: బఠాణీలు వలవడం, పీచ్ పళ్ళు సీసాల్లోకి ఎత్తడం, చర్చిలో ఆదివారం భోజనం.

ఈసారి నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టింది, వాటిల్లో ముందుగా మ్యూజియంకి తెచ్చిన ఒకే ఒక్కటి, ఆ చర్చి భోజనం బొమ్మ ముందు. ముందు పెద్ద పెద్ద గిన్నెల అంచులు, ఒక గరిటె కాడ సరిగ్గా మన చేతికి అందేట్టు. వాటి అవతల వడ్డించే కిటికీ, దాని వెనక హాలు నిండా జనం. ఎడమ పక్క గుమ్మంలో ఖాళీ పళ్ళెం పట్టుకుని ఒకాయన ఇబ్బందిగా నవ్వుతున్నాడు. డాక్టర్ ట్రాస్క్ వచ్చి, “గీసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడు?” అని అడిగారు. పొయ్యి ఇవతల అన్నాను. “గుమ్మంలో. నా పుస్తకంలో రాశాను. ఆ పళ్ళెం మనిషి టాలీయే, తనని తానే గీసుకున్నాడు” అన్నారు. కాదన్నాను. ఇక్కడ మా గుడి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నేను శనివారాలు గుడి వంటింట్లో సాయానికి వెళ్ళేదాన్ని. భక్తి కంటే ఆకలి ఎక్కువ, దాచుకోవడం దేనికి. అక్కడ సుబ్బలక్ష్మి ఆంటీ రాజ్యం. మగవాళ్ళెవరైనా లోపలికి అడుగుపెట్టబోతే, “అంకుల్, అక్కడే ఆగండి! ప్లేట్ ఇటివ్వండి, నేను పెడతాను” అని గరిటెతోనే ఆపేసేది. పెద్ద పెద్ద కంపెనీల డైరెక్టర్లు కూడా ఇంకో రెండు గారెల కోసం ఆ గుమ్మంలో నిలబడి ఇకిలించేవాళ్ళు.

“ఈయన నవ్వు ఆ నవ్వే” అన్నాను. “వంట చేసేవాళ్ళని బతిమాలే నవ్వు. అది మనకి ఎదుటివాళ్ళ మొహంలో కనిపిస్తుంది. మన మొహంలో మనకెలా కనిపిస్తుంది? ఇది వంట చేస్తున్న మనిషి గీసింది.”

ఆవిడ నవ్వారు. సుబ్బలక్ష్మి ఆంటీ గురించి ఇంకా చెప్పమన్నారు. చెప్తుండగానే నవ్వు ఆగిపోయింది. నన్ను లేపి, ఆ కుర్చీలో తను కూర్చున్నారు. గది మూసే వేళ వరకూ లేవలేదు.

ఇంటికెళ్ళి నా రూమ్మేట్ స్వప్నతో చెప్పాను. వరంగల్ పిల్ల, మనసులో ఏదీ ఉంచుకోదు. “ఏందే, మీ బాస్ బుక్కే రాంగ్ అని మీ బాస్‌కే చెప్పినవా? నెక్స్ట్ సెమ్ అయిపోతే ఓపీటీ మీద జాబ్ దేవులాడుకోవాలె, రికమెండేషన్ ఎవరిస్తరు నీకు? నోరు మూసుకొని ఉండలేవా నువ్వు?” అని తలంటింది. అయినా అనేసిన మాట ఎక్కడికి పోతుంది?

రెండు రోజుల తర్వాత ఇద్దరం మిస్ రూబీ ఇంటికి వెళ్ళాం. డెబ్భై దాటిన మనిషి, బక్కపల్చగా, చురుగ్గా ఉంటుంది. కేకు కోసి పెట్టింది. డాక్టర్ ట్రాస్క్ ఫోర్కు ముట్టుకోలేదు. “మిస్ రూబీ, మీ నాన్నగారు చర్చి వంటింట్లోకి వెళ్ళేవారా?” అని అడిగారు.

మిస్ రూబీ ఫక్కున నవ్వింది. “ఆయనా? మా అమ్మ ఉండగానా? చీపురు తిరగేసేది!”

మిస్ రూబీ నవ్వు మెల్లగా తగ్గింది. ఎదురుగా ఉన్న డాక్టర్ ట్రాస్క్ మొహం చూసి విషయం అర్థమైనట్టుంది. “గీసింది మా అమ్మే” అంది. “కోరా టాలీ. పొద్దున ఒకరింట్లో వంటపని చేసి వచ్చేది. బొమ్మలు గీసుకునే తీరిక ఉందని తెలిస్తే ఆ ఇంటావిడ ఇంకో పని అంటగట్టేది. అందుకని నాన్న షాపులో పెట్టారు. అడిగినవాళ్ళు ఆయనవే అనుకున్నారు. అనుకోనీ అంది అమ్మ.”

“నాకెందుకు చెప్పలేదు?” అన్నారు డాక్టర్ ట్రాస్క్.

“మీరు ఇన్నేళ్ళుగా వస్తున్నారు. ఈ బల్ల దగ్గర ఎన్నిసార్లు భోంచేశారో లెక్కలేదు. ఎప్పుడొచ్చినా నాన్న గురించే అడిగారు. అమ్మ గురించి ఒక్కసారీ అడగలేదు, డాక్టర్.”

నాకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది. లేనివాళ్ళుగా లెక్కగట్టిన మనుషుల్ని వెతకడానికే జీవితమంతా తిరిగిన మనిషి, ఎదురుగా ఉన్న ఒక ఆడమనిషిని చూడలేదు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆవిడ మొహంలోనే ఉంది. అయితే అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ప్రదర్శనలో తల్లి పేరు వేస్తామంటే మిస్ రూబీ వద్దంది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. “నాన్నని దొంగంటారు. పెళ్ళాం బొమ్మలు తనవని చెప్పుకున్నాడంటారు. ఆయన గుడ్డ బిగించి మేకులు కొట్టేవారు, రంగులు తెచ్చేవారు, అమ్మ గీస్తుంటే గిన్నెలు తోమేవారు. ఆ మనిషి పేరు చెడగొట్టను. పేరు మారుస్తానంటే బొమ్మలివ్వను.”

తిరిగి వస్తూ ఆవిడ ఒక్క మాటే అన్నారు. “ఆయన పేరు వేస్తే అబద్ధం. కూతురు కాదంటుంటే తల్లి పేరు వేస్తే దొంగతనం. ఏదీ కుదరకపోతే ప్రదర్శన లేదు.” నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నా నోటి దురుసుకి ఒక మనిషి జీవితం పునాదులతో సహా కదిలిపోయిందనిపించింది. సారీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు. “కళ్ళున్నందుకు క్షమాపణ అడక్కు” అన్నారు.

మ్యూజియం డైరెక్టర్ మంచివాడే, భయస్థుడు. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, ఇప్పటికి పాత పేరుతోనే కానిచ్చి, తర్వాత ఎప్పుడైనా ఒక వ్యాసం రాసుకోండి అన్నాడు. “అరిచి చెప్పిన అబద్ధాన్ని గొణుగుతూ దిద్దమంటావా?” అన్నారు ఆవిడ. అతను నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. ఆ తర్వాత ప్రతి వారాంతం లేబుల్ రాసుకుని మిస్ రూబీ ఇంటికి వెళ్ళడం, చదవడం. “కోరా, ఏమోస్ టాలీ కలిసి” అని చదివితే “కలిసి కాదు” అంటుంది. “టాలీ కుటుంబం” అంటే “నేనో గీత కూడా గీయలేదు” అంటుంది. “ఒకప్పుడు ఏమోస్ టాలీవని భావించిన” అనగానే బల్ల మీద చెయ్యి వేసింది.

“ఎవరు భావించారు?” అంది. “అదే నాకు మంట. నాన్న ఏనాడూ నేను గీశానని చెప్పలేదు. ఒక్కరి దగ్గర ఒక్కసారి కూడా. కాగితం మీద ఆయన పేరు పెట్టింది మీరు. తప్పు జరిగిందని రాస్తే, చేసినవాళ్ళ పేరు కూడా రాయండి. అప్పుడు ఎవరూ నాన్నని అనరు.”

గోడ మీద క్యూరేటర్ తన పేరు రాసుకోవడం ఎక్కడా ఉండదు. పేరే ఉండదంటే, తప్పు పక్కన పేరు సంగతి చెప్పక్కర్లేదు. డాక్టర్ ట్రాస్క్ “న్యాయమే” అన్నారు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని అక్కడే రాసి, గట్టిగా చదివారు. “ఈ బొమ్మలు గీసింది కోరా టాలీ. గుడ్డ బిగించి, రంగులు తెచ్చి, తన షాపు గోడ ఇచ్చింది ఆమె భర్త ఏమోస్ టాలీ. వీటిని తాను గీశానని ఆయన ఎన్నడూ చెప్పలేదు. అలా రాసింది ఈ ప్రదర్శన కూర్చిన ఓజెల్లా ట్రాస్క్. ఆమె రాసింది తప్పు.”

“ఇంకోసారి చదవండి” అంది మిస్ రూబీ. చదివారు. మిస్ రూబీకి పమిట లేదు గానీ, ఉంటే దాంతోనే కళ్ళొత్తుకునేది, అలా భుజం వైపు మొహం తిప్పుకుంది. “బొమ్మలు గురువారం పట్టుకెళ్ళండి. ముందు ఆ కేకు తినండి, ఎండిపోతోంది” అంది.

ప్రదర్శన మొదలైన రోజు ఊరూరా ఉన్న కళాచరిత్రకారులు వచ్చారు. చేతుల్లో గ్లాసులతో ఆ లేబుల్ దగ్గరికి వెళ్ళడం, చదవడం, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం. “కెరీర్ చివర్లో ఇదేం ఖర్మ” అని ఒకాయన నా పక్కనే అన్నాడు. నాకు ఆయన గ్లాసు లాక్కుని ఆయన నెత్తిన పోయాలనిపించింది. పోయలేదు, వీసా గుర్తొచ్చింది. అంతలో మిస్ రూబీ తన చర్చి ఆడవాళ్ళతో వచ్చింది, అందరూ రంగురంగుల టోపీల్లో. లేబుల్ ముందు నిలబడి, చర్చిలో చదివినట్టే గొంతెత్తి మొత్తం చదివింది. గదిలో మాటలన్నీ ఆగిపోయాయి. “ఆమె రాసింది తప్పు” అని ముగించి, వెనక్కి తిరిగి డాక్టర్ ట్రాస్క్ చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. “ఆమె ఈమే” అని తనవాళ్ళకి చెప్పింది. “మా ఇంటి మనిషి.”

ఆ తర్వాత జరిగినవి అన్నీ మంచివి కావు. ఒక పెద్ద యూనివర్సిటీ ఆవిణ్ణి పిలిచిన ఉపన్యాసం రద్దు చేసింది. ఎవరెవరో ఎద్దేవా చేస్తూ రాశారు. ఆవిడ రిటైరయ్యారు. నాకు రికమెండేషన్ ఇచ్చారు, స్వప్న భయపడ్డట్టు జరగలేదు. స్వప్న ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఉద్యోగానికి వెళ్ళింది, నేను కంప్యూటర్లు వదిలేసి కళల చరిత్రలో చేరాను. ఇంట్లో పెద్ద గొడవే అయింది, ఆ కథ వేరు.

వర్జీనియా వదిలి వెళ్ళే ముందు ఆవిడ ఇంటికి వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. వసారాలో కూర్చున్నాం. అంతమంది ముందు అలా పేరు రాసుకోవడం కష్టమనిపించలేదా అని అడిగాను.

“అది కాదు కష్టం” అన్నారు. “నేను మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నాకు ముప్పై నిండలేదు. కోరా బతికే ఉంది. కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. వేళ్ళ గోళ్ళలో నీలం రంగు ఉంది. చూశాను కూడా. థాంక్స్ చెప్పి, ఆయన వైపు తిరిగి, ఎప్పట్నుంచి గీస్తున్నారండీ అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఏమీ అనకుండా నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది. మొహమాటస్థుడు అని రాసుకున్నాను నేను.”

ఆవిడ ఏడవలేదు. ఏడ్చింది నేను.

ఇప్పుడు నేనూ బొమ్మల కోసం ఇళ్ళకి వెళ్తుంటాను. ఎవరో ఒకరు కాఫీ తెస్తారు. పెట్టి వెళ్ళబోతుంటే ఆపి, కూర్చోమంటాను. “పర్లేదు, మీరు మాట్లాడుకోండి” అంటారు. వాళ్ళు కూర్చునేదాకా నేను సంచీలోంచి పెన్ను తీయను.